మూడో అంతస్తులో సైకిల్, కింద నైట్ షిఫ్ట్ నర్సు: ఒక చలికాలపు ట్రైనర్ కేసు

అమెరికాలోని మినియాపొలిస్‌లో నవంబరు మొదట్లో గడియారాలు గంట వెనక్కి తిప్పాక ఇక సాయంత్రం అనేది ఉండదు. డిసెంబరులో నాలుగున్నరకే పొద్దు కుంకుతుంది. నేను పనిచేసే సైకిల్ షాపులో రిపేర్లు తగ్గిపోయి, "ఇంట్లో తొక్కుకోవడానికి ఏం కొనమంటారు?" అని అడిగేవాళ్లు పెరిగేది అప్పుడే. వాళ్లడిగేది ఎక్కువగా ట్రైనర్ల గురించి, అంటే సైకిల్‌ను ఒకేచోట నిలబెట్టి తొక్కనిచ్చే మిషన్ల గురించి. పదకొండేళ్లుగా ఆ ప్రశ్నకు జవాబు చెబుతున్నాను. ఎక్కువసార్లు సరిగ్గానే చెప్పాననుకుంటున్నాను. ఇది తప్పు చెప్పిన కేసు.

వచ్చినతను ఖమ్మం కుర్రాడు. కుర్రాడంటే ముప్పై తొమ్మిదేళ్లు, నాకంటే చిన్నవాడు కాబట్టి ఆ మాట. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో లీడ్. బరువు 84 కిలోలు. భార్య, నాలుగేళ్ల పాప. మూడో అంతస్తులో రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్. ఎండాకాలంలో వారానికి నాలుగు రోజులు తొక్కుతాడు. వచ్చే జూలైలో అయోవా రాష్ట్రాన్ని పడమటి కొస నుంచి తూర్పు కొస దాకా ఏడు రోజుల్లో దాటే రాగ్‌బ్రై యాత్రకు వెళ్లాలని అతని పట్టుదల. 1973లో మొదలైన యాత్ర అది. మిజోరీ నది దగ్గర వెనక టైరు తడిపి బయలుదేరి, మిసిసిపీ దగ్గర ముందు టైరు తడిపి ముగిస్తారు. దారి ఏటా మారుతుంది కానీ ఇంచుమించు 400 మైళ్లో, అంతకు మించో ఉంటుంది. అయోవా బల్లపరుపుగా ఉంటుందని అనుకునేవాళ్లు అక్కడ సైకిల్ తొక్కనివాళ్లే. జూలై ఎండ, ఉక్కపోత గురించి మాత్రం ఖమ్మం వాడికి నేను చెప్పాల్సిన పని లేదు.

ఈ ఊళ్లో మంచులో కూడా సైకిల్ తొక్కేవాళ్లు చాలామంది. మేకుల టైర్లు వేసుకుని, మంచు ఎత్తేసిన మిడ్‌టౌన్ గ్రీన్‌వే మీద జనవరిలోనూ ఆఫీసులకు వెళతారు. నేనూ వెళతాను. కానీ ఇతను అంతకుముందు చలికాలం కంటికి కనపడని నల్లమంచు మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. "అన్నా, బయట తొక్కమని మాత్రం చెప్పకు, మా ఆవిడ నిన్నూ నన్నూ కలిపి తిడుతుంది" అన్నాడు. సరే, ఇంట్లోనే.

బడ్జెట్ 500 డాలర్లు. సైకిల్ అల్యూమినియం హైబ్రిడ్, డిస్క్ బ్రేకులు, వెనక 135 మిల్లీమీటర్ల క్విక్ రిలీజ్ (చేత్తోనే విప్పే ఇరుసు), ముందు మూడు పళ్లచక్రాలు, వెనక ఎనిమిది, 35 మిల్లీమీటర్ల గరుకు టైర్లు. ఇవన్నీ ఫారంలో రాసుకున్నాను. సైకిల్ గురించి పన్నెండు ప్రశ్నలు అడిగాను. ఇంటి గురించి ఒక్కటే అడిగాను: "చోటు ఉందా?" ఉందన్నాడు.

ముందు అపార్ట్‌మెంట్ జిమ్‌లో ఉన్న సైకిల్ మాట ఎత్తాను. ఎవరొచ్చినా ఎత్తుతాను. రెండు వారాలు దాని మీద రోజూ అరగంట తొక్కలేనివాడు 500 పెట్టి కొన్నా తొక్కడు, ఆ మిషన్ మీద బట్టలు ఆరతాయి. ఇతను అప్పటికే నెల తొక్కి చూశాడు. సీటు వెడల్పు, పెడల్స్ దూరం దూరంగా, ముందుకు వంగే వీలు లేదు, మోకాలు లోపలి వైపు పట్టేస్తోంది. అది నిజమైన కారణమే. ఏడు రోజులు ఏ సైకిల్ మీద కూర్చోవాలో దాని మీదే ఒళ్లు అలవాటు పడాలి. దాంతో స్పిన్ బైకులు, అంటే వ్యాయామానికే చేసిన కదలని సైకిళ్లు కూడా పక్కకు పోయాయి. రోలర్లు, అంటే మూడు గొట్టాల మీద సైకిల్‌ను వదిలేసి బ్యాలెన్స్ చేసుకుంటూ తొక్కేవి, చవకే, పెడలింగ్ నున్నగా నేర్పుతాయి. కానీ నాలుగేళ్ల పాప "నాన్నా" అని పరిగెత్తుకొచ్చే ఇంట్లో అవి వద్దన్నాను.

మిగిలినవి రెండు. వెనక చక్రాన్ని ఉంచి టైరును ఒక రోలర్‌కు ఒత్తి పెట్టే రకం. లేదా వెనక చక్రం తీసేసి చైన్‌ను నేరుగా మిషన్‌కు తగిలించే డైరెక్ట్ డ్రైవ్. నేను మొదటిది చెప్పాను, అదీ సెకండ్ హ్యాండ్ ఫ్లూయిడ్ ట్రైనర్. మూసేసిన డబ్బాలో సిలికాన్ నూనె, అందులో చిన్న రెక్కల చక్రం. వేగం పెరిగేకొద్దీ పెట్టాల్సిన పవర్ (వాట్లు) సుమారుగా వేగం ఘనం లెక్కన పెరుగుతుంది, అంటే రోడ్డు మీద గాలి ఎదురొచ్చినట్టే అనిపిస్తుంది. కరెంటు అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు, పాడయ్యేది తక్కువ. 90 డాలర్లకు దొరికింది. గరుకు టైరు రోలర్ మీద అరిగి గదంతా రబ్బరు పొడి చేస్తుంది కాబట్టి నున్నటి ట్రైనర్ టైరు 40. ట్రైనర్ క్లాంపులో సరిగ్గా కూర్చునే ఉక్కు స్క్యూవర్, అంటే ఇరుసు గుండా దూరే కడ్డీ, 10. మొత్తం 140. బడ్జెట్లో మూడో వంతు కూడా కాలేదని నా భుజం నేనే తట్టుకున్నాను.

పద్దెనిమిదో రోజు ఫోన్. "అన్నా, లీజింగ్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. కింది ఇంటావిడ కంప్లైంట్ పెట్టిందట."

రాత్రి తొక్కుతున్నావా అంటే లేదు, ఏడింటికే అన్నాడు. రూల్స్ ప్రకారం పదింటి నుంచి కదా నిశ్శబ్దం పాటించాల్సింది అని అతని వాదన. రూల్ అతని వైపే ఉంది. కానీ కింద ఉండేది ఒక నర్సు. రాత్రి పదకొండుకు డ్యూటీ ఎక్కుతుంది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా ఆమెకు నిద్ర సమయం. సరిగ్గా ఆమె మంచం మీదనే ఇతని ట్రైనర్.

ఇక్కడ కొంచెం ఆగి చప్పుడు గురించి చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు డబ్బా మీద వేసే డెసిబెల్ లెక్కలు అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లకు పెద్దగా పనికిరావు. ఆ లెక్క గాలిలో వినపడే శబ్దానిది. అది తొక్కేవాడికి, పక్క గదిలో టీవీ చూసేవాళ్లకు ఇబ్బంది. కింది ఇంటికి దిగేది నేల గుండా పోయే అదురు. మన ఊళ్లలో స్లాబ్ కాంక్రీటు కాబట్టి దీని గురించి ఎవరూ ఆలోచించరు. హైదరాబాద్ ఫ్లాట్‌లో ట్రైనర్ పెట్టుకున్నవాడి సలహా ఇక్కడ పనిచేయకపోవడానికి కారణం అదే. ఇక్కడ మూడు నాలుగు అంతస్తుల అపార్ట్‌మెంట్లు ఎక్కువగా చెక్క దూలాల మీద కడతారు. ఆ నేల డోలు తోలు లాంటిది.

అదురు కూడా రెండు రకాలు. ఒకటి హుమ్మనే మోత. ఇతను రోలర్ మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో తొక్కుతాడనుకుందాం. రెండుంపావు అంగుళాల రోలర్ ఆ వేగంలో సెకనుకు 46 సార్లు తిరుగుతుంది. టైరు ఎక్కడైనా కొద్దిగా ఎత్తుపల్లాలుగా ఉన్నా, రోలర్ బరువు ఒక పక్కకు రవ్వంత ఎక్కువున్నా, ఆ మోత నేలలోకి దిగుతుంది. రెండోది దడదడ. నిమిషానికి 90 సార్లు కాళ్లు తిరిగితే 180 తోపులు, అంటే సెకనుకు మూడు. 84 కిలోల మనిషి సెకనుకు మూడుసార్లు నేలను తొక్కుతున్నట్టు. నేను కొనిపించినది మొదటి మోతను బాగా పుట్టిస్తుంది, రెండోదాన్ని ఏ మిషనూ ఆపలేదు. ఇదంతా నాకు తెలియక కాదు. అడగలేదంతే.

శనివారం పొద్దున వాళ్లింటికి వెళ్లాను. ఖమ్మం నుంచి వాళ్లమ్మ పంపిన సకినాల డబ్బా ఒకటి పట్టుకుని ఇద్దరం కిందికి దిగాం. ఆవిడ మంచిది. తలుపు తీసేటప్పుడు ఉన్న ముఖం సకినం కొరికాక కొంచెం మెత్తబడింది. "నేను మీ బెడ్‌రూములో నేల మీద పడుకుని వినొచ్చా?" అని అడిగితే నవ్వి, వినమంది. తను కూడా అక్కడే కూర్చుంది. పైన ఇతను ఫోను స్పీకరులో పెట్టుకుని నేను చెప్పినట్టు తొక్కాడు. ఒక్కో మార్పుకు ఐదేసి నిమిషాలు. సున్నా నుంచి పది దాకా మార్కులు ఆవిడే వేసింది, పది అంటే అసలు నిద్ర పట్టనంత.

ఉన్నచోట, కార్పెట్ మీద, ఫ్లూయిడ్ ట్రైనర్: ఎనిమిది. కింద నుంచి వింటే పైన ఎవరో వాషింగ్ మెషీన్ ఆడిస్తున్నారనే అనిపించింది.

తర్వాత మ్యాటు. యోగా మ్యాట్లు, షాపుల్లో ట్రైనర్ మ్యాటని అమ్మే పల్చటివి నేలను చెమట నుంచి కాపాడతాయి తప్ప అదురును ఆపవు. నేను తీసుకెళ్లింది గుర్రాలశాలల్లో పరిచే ముప్పావు అంగుళం మందం రబ్బరు. రైతుల సామాన్ల దుకాణంలో నాలుగడుగులు వెడల్పు, ఆరడుగులు పొడవు ముక్క 55 డాలర్లు. బరువు 45 కిలోల దాకా ఉంటుంది, లిఫ్ట్ లేకపోతే కొనకండి. సగానికి కోసి ఒకదాని మీద ఒకటి వేశాం. మోత బాగా తగ్గింది, దడదడ అలాగే ఉంది. ఆరు వేసింది.

మూడో మార్పుకు ఖర్చు లేదు. ట్రైనర్‌ను బెడ్‌రూము మధ్య నుంచి తీసి, హాలు మూలకు, బిల్డింగ్ బరువు మోసే గోడ పక్కకు జరిపాం. దూలం మధ్యలో ఎక్కువ ఊగుతుంది, గోడ మీద ఆనిన చోట తక్కువ. ఏ గోడ బరువు మోస్తుందో మెయింటెనెన్స్ అతన్ని అడిగితే చెప్పాడు. పైగా ఆ మూల కింద ఆవిడ వంటగది ఉంది, మంచం లేదు. దడదడ ఒక్కసారిగా పడిపోయింది. మూడు. ఆవిడ లేచి మంచం మీదికి వెళ్లి పడుకుని చూసింది. "మోత ఇంకా సన్నగా ఉంది" అంది.

నాలుగోసారి, షాపు నుంచి డెమోకు తెచ్చిన డైరెక్ట్ డ్రైవ్ అదే మూలలో, అదే రబ్బరు మీద పెట్టాం. టైరు లేదు, రోలర్ లేదు. బెల్టుతో తిరిగే బరువు చక్రం మాత్రమే. తొక్కడం మొదలెట్టాడని ఫోన్‌లో వినపడింది కానీ పై నుంచి ఏమీ దిగలేదు. ఆవిడ ఒకటి వేసింది, ఆ ఒకటి కూడా "ఉందని తెలుసు కాబట్టి" అంది.

ఈ వరుస చూశాక నా ఫారంలో ప్రశ్నల వరుస మార్చేశాను. ఇప్పుడు మొదటి ప్రశ్న "నీ కింద ఎవరు పడుకుంటారు?" బేస్‌మెంట్ ఉన్న సొంతింటివాడైతే 90 డాలర్ల ఫ్లూయిడ్ ట్రైనర్ ఇప్పటికీ నాకు ఇష్టమైన సలహానే, దాంట్లో మార్పు లేదు. అలాగే ఒక మాట: మూడో మార్పు దగ్గరే ఆగినా ఇతనికి సరిపోయేదేమో. ఆవిడ రోజూ పగలు పనిచేసే మనిషైతే ఆగమనేవాణ్ని.

సెకండ్ హ్యాండ్ డైరెక్ట్ డ్రైవ్ 400కు దొరికింది. ఈ రకం 2012లో వాహూ కికర్‌తో జనంలోకి వచ్చింది. అప్పట్లో వెయ్యి డాలర్ల మాట. 2022లో ఇండోర్ సైక్లింగ్ యాప్ కంపెనీ జ్విఫ్ట్ తన హబ్ ట్రైనర్‌ను 499కి తెచ్చాక చాలామంది ధరలు దించక తప్పలేదు. దానివల్ల పాతవాటి ధరలూ దిగాయి. పాతది కొనేటప్పుడు నేను చూసేవి ఇవి. ముందు చేత్తో తిప్పి చెవి దగ్గర పెట్టి వింటాను, ఇసుక నలిగినట్టుంటే బేరింగ్ పోయినట్టే. తర్వాత సైకిల్ తగిలించి పదిహేను నిమిషాలు తొక్కుతాను, బెల్టు కీచుమనేది వేడెక్కాకే. ఫోన్‌కు కలిపి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అవుతుందో లేదో అమ్మేవాడి ముందే చూస్తాను. కరెంటు అడాప్టరు దానితో వచ్చిందేనా, మరేదో తగిలించాడా అన్నది కూడా.

బిగించడంలో ఒక చిక్కు. మిషన్ మీదున్న ఫ్రీహబ్, అంటే క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి) కూర్చునే భాగం, పదకొండు గేర్ల రోడ్డు సైకిళ్లది, ఇతని సైకిల్‌కు కావాల్సిన క్యాసెట్ ఎనిమిదిది. మధ్యలో 1.85 మిల్లీమీటర్ల వాషరు వేయకపోతే దాన్ని పట్టి ఉంచే లాక్‌రింగ్ ఎంత బిగించినా క్యాసెట్ లొడలొడలాడుతుంది. చాలామంది ఇంట్లో బిగించుకుని "మిషన్ చప్పుడు చేస్తోంది" అని తెచ్చేది ఈ ఒక్క వాషరు లేకనే. కొత్త క్యాసెట్ మీద అతని పాత అరిగిన చైన్ జారింది, చైన్ మార్చాల్సి వచ్చింది. ఆ చైన్ డబ్బులు నేను తీసుకోలేదు. ఇలాంటి తలనొప్పి వద్దనుకునేవాళ్లకు 2023లో వచ్చిన జ్విఫ్ట్ కాగ్ ఉంది. ఒకే ఒక పళ్లచక్రం, గేర్లు మిషనే మార్చినట్టు చేస్తుంది. ఇంట్లో ఇద్దరు రెండు రకాల సైకిళ్లతో ఒకే మిషన్ వాడితే నేనదే చెబుతాను.

మిగిలిన డబ్బులో 45 పెట్టి ఇరవై అంగుళాల ఫ్యాన్ కొనిపించాను. "బయట మైనస్ 20, ఇంట్లో ఫ్యాన్ ఎందుకన్నా?" అని నవ్వాడు. మనిషి ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో పెడల్ దాకా చేరేది ఐదో వంతో, నాలుగో వంతో. పెడల్ మీద 150 వాట్లు పెడితే 450 నుంచి 600 వాట్లు వేడిగా ఒంట్లోంచి బయటపడాలి. రోడ్డు మీద గాలి దాన్ని ఎత్తుకుపోతుంది. ఇంట్లో గాలి కదలదు. నమ్మకపోతే చూడమని రెండు రోజులు ఒకే 150 వాట్ల దగ్గర నలభై నిమిషాలు తొక్కించాను. ఫ్యాన్ లేని రోజు పదో నిమిషంలో గుండె 138 కొట్టుకుంటే, నలభయ్యో నిమిషానికి 157. ఫ్యాన్ ఉన్న రోజు అదే 138 నుంచి 144 దగ్గర ఆగింది. మధ్యలో తేడా ఉన్న ఆ పదమూడు కొట్టుకోవడాలు వ్యాయామం కాదు, ఉడికిపోవడం. ఇండోర్ ట్రైనింగ్ తన వల్ల కాదని వదిలేసినవాళ్లలో చాలామందికి లేనిది ఓపిక కాదు, ఫ్యాన్.

కిటికీ తీయడం గురించి కూడా ఒక మాట. రెండంగుళాలు తెరిస్తే చాలు హాయిగా ఉంటుంది. గంటలో లీటరు దాకా పోయే చెమట ఆవిరి అద్దాల మీద మంచు కట్టకుండా బయటికి పోతుంది. కానీ గోడ వెంబడి వేడినీళ్ల పైపులతో వేడి చేసే ఇళ్లలో ఆ పైపుల పైనున్న కిటికీ తెరిచి మరిచిపోతే పైపులో నీళ్లు గడ్డకట్టి పగిలే ప్రమాదం ఉంది. ఇతని హాలు కిటికీ సరిగ్గా అలాంటిదే. ఫోనులో అలారం పెట్టించాను.

పాప సంగతి. డైరెక్ట్ డ్రైవ్‌లో వెనక చక్రం ఉండదు కాబట్టి తిరిగే చైన్, పళ్లు చిన్న చేతుల ఎత్తులో బయటికి ఉంటాయి. ప్లగ్ తీసేసినా పెడల్ తిప్పితే తిరుగుతుంది. పిల్లలున్న ఇంట్లో తలుపున్న గది మంచిది, కానీ మనం గదిలోంచి హాలుకు వచ్చాం. పాప చిన్నప్పుడు మెట్ల దగ్గర పెట్టిన అడ్డుగేటు మళ్లీ బయటికి తీశారు. వాళ్లావిడకు నచ్చనిది అది కాదు, రబ్బరు వాసన. గుర్రాలశాల రబ్బరు మూడు నాలుగు వారాలు కంపు కొడుతుంది. గ్యారేజీలో వారం ఆరబెట్టి తెచ్చి ఉండాల్సింది.

లెక్క చూస్తే: మిషన్ 400, రబ్బరు 55, ఫ్యాన్ 45. మొత్తం 500. ఫ్లూయిడ్ ట్రైనర్, టైరు, స్క్యూవర్ కలిపి 90కి అమ్మాం, 140లో 50 పోయాయి. ఆ 50 నా తప్పుకు అతను కట్టిన జరిమానా. యాప్ చందా నెలకు 20 డాలర్లు ఇందులో లేదు. అతను డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మూడు నెలలే కట్టి ఆపేశాడు.

వారానికి మూడు రోజులు, ఒక్కో రోజు 45 నుంచి 70 నిమిషాలు తొక్కాడు. మొదట్లో అంతా ఎర్గ్ మోడ్‌లోనే. ఎన్ని వాట్లని చెబితే అన్నే ఉండేలా మిషనే బిగువు మార్చుకునే పద్ధతి అది. అలసిపోయి కాళ్లు నెమ్మదిస్తే మిషన్ ఇంకా బిగిస్తుంది, ఇంకా నెమ్మదిస్తాం, చివరికి పెడల్ బురదలో దిగినట్టు ఆగిపోతుంది. రెండుసార్లు అలా ఆగిపోయి, మిషన్ పాడైందని ఫోన్ చేశాడు. పాడవలేదు. బిగువు పెరుగుతోందనిపించగానే కాళ్ల వేగం పెంచాలి, లేదా ఆ మోడ్ ఆపేయాలి. ఇంకొకటి, రోడ్డు మీద తెలియకుండానే సీటు మీద కదులుతూ ఉంటాం. ట్రైనర్ మీద కదలం, అదే చోట ఒరుసుకుంటుంది. పది నిమిషాలకోసారి పెడల్స్ మీద లేచి నిలబడమని పాపకిష్టమైన పాటతో టైమర్ పెట్టుకున్నాడు. ఇరవై నిమిషాలు ఆగకుండా ఎన్ని వాట్లు పెట్టగలడో చూసే పరీక్షలో నవంబరు చివర 171 వాట్లు ఉన్నది మార్చి రెండో వారానికి 198. కింది నుంచి ఇంకో కంప్లైంట్ రాలేదు. సంక్రాంతికి ఇంకో డబ్బా సకినాలు మాత్రం దిగాయి.

ఏప్రిల్‌లో మంచు కరిగాక సైకిల్ సర్వీసింగ్‌కు తెచ్చాడు. హ్యాండిల్ ఎత్తు తగ్గించమన్నాడు. హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ బోల్టు మీద కీ పెట్టి తిప్పగానే తల విరిగి చేతిలోకి వచ్చింది. ఐదు నెలల చెమట, ఉప్పు, తుప్పు. హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే కీలు) పై బేరింగ్ కూడా గోధుమరంగు ముద్దయిపోయింది. హ్యాండిల్ మీద తువ్వాలు కప్పుకోమని, తొక్కిన ప్రతిసారీ తడిగుడ్డతో తుడవమని నేను చెప్పలేదు. మిగిలిన బోల్టు ముక్కను డ్రిల్లు చేసి తీయడానికి గంటన్నర పట్టింది. బిల్లులో బేరింగ్ ధర మాత్రమే వేశాను.